పదకొండు నుంచి రెండు వరకు: హోమ్‌స్టే నిర్వహణపై ప్రసంగ పాఠం

సభకు నమస్కారం. అరకు, అనంతగిరి, లంబసింగి వైపు నుంచి వచ్చిన ఇళ్ల యజమానులకు, విశాఖలో ఫ్లాట్లను రోజువారీ అద్దెకు ఇస్తున్నవారికి, వారి తరఫున ఆ ఇళ్లను చూసుకుంటున్న కేర్‌టేకర్లకు, శుభ్రం చేసే పనివారికి అందరికీ నమస్కారం. యజమానులూ పనివారూ ఒకే వరుసలో కూర్చుని వినే సమావేశాలు అరుదుగా జరుగుతాయి కనుక, ఈ ఏర్పాటు చేసినవారిని ముందుగా అభినందిస్తున్నాను. బుకింగ్‌లు పెంచుకునే మార్గాలు చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. ఫోటోలు బాగుంటే, ధర కాస్త తగ్గిస్తే మొదటి బుకింగ్ ఎవరికైనా వస్తుంది. ఆ తరువాతి బుకింగ్‌లు రావడం, మానడం అన్నది ఒక అతిథి ఉదయం పదకొండుకు గది విడిచిన తరువాత, మరొక అతిథి మధ్యాహ్నం రెండుకు అదే గదిలో అడుగుపెట్టేలోపు మీ ఇంట్లో ఏం జరిగిందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఈ మూడు గంటల గురించే నేను ప్రధానంగా మాట్లాడతాను. ధర, దుప్పట్లు, జీతాలు, పన్నులు అన్నీ ఏదో ఒక వైపు నుంచి దీనికే వచ్చి కలుస్తాయి.

అరకులో ఈ మూడు గంటలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలు తెల్లవారాక బయలుదేరి, కొండలూ సొరంగాలూ దాటుకుని, పదకొండు గంటల ప్రాంతంలో అరకు చేరుతుంది. అంటే పాత అతిథి ఇంకా సూట్‌కేసు సర్దుకుంటూ ఉండగానే కొత్త అతిథి పిల్లలతో, సామానుతో మీ గుమ్మం ముందు ఆటో దిగుతాడు. రైలులో పైకప్పు దాకా అద్దాలున్న విస్టాడోమ్ పెట్టెలో కూర్చోవాలని తెల్లవారుజామునే నిద్ర లేచి వచ్చిన కుటుంబం అది. వారికి ఆ క్షణంలో గది కన్నా ముందు కావలసినవి కాళ్లూ ముఖమూ కడుక్కునే చోటు, సామాను భద్రంగా పెట్టుకునే గది, వేడి కాఫీ. ఇంటి బయట నుంచి దారి ఉన్న ఒక బాత్‌రూమ్, తాళం వేయగల ఒక చిన్న సామాను గది ఏర్పాటు చేసుకున్న యజమాని, రెండు గంటల వరకు ఆ కుటుంబాన్ని మ్యూజియానికో కాఫీ తోటకో ప్రశాంతంగా పంపించగలడు. అది లేని యజమాని మొహమాటపడి, సగం ఊడ్చిన గదిలోకి వారిని పంపిస్తాడు. మొహమాటంతో ఇచ్చిన గదికి ఎవరూ కృతజ్ఞత చెప్పరు. తడి నేల గురించి మాత్రం రాస్తారు.

విశాఖ ఫ్లాట్లలో ఈ సమస్య మరో రూపంలో వస్తుంది. హైదరాబాద్ నుంచి రాత్రి రైలు ఎక్కినవారు తెల్లవారేసరికి దిగి, ఆరు గంటలకే తలుపు తడతారు. ముందు రాత్రి గది ఖాళీగా ఉంటే ఇవ్వండి. కానీ ముందుగా రావాలంటే సగం రోజు అద్దె అవుతుందన్న సంగతి బుకింగ్ ఖరారైన రోజునే, తెలుగులో, వాట్సాప్‌లో రాసి పంపండి. ఇదే మాట గుమ్మం దగ్గర చెబితే బేరం అవుతుంది.

ఇక్కడే ధర గురించి చెప్పుకోవాలి. రాత్రికి 2,500 రూపాయల గది అనుకుందాం. ఒక అతిథి వెళ్లి మరొకరు వచ్చినప్పుడల్లా ఉతుకుకు, శుభ్రం చేసే మనిషికి, సబ్బులకు, నీళ్ల సీసాలకు, కరెంటుకు కలిపి 500 రూపాయలు అవుతుందని లెక్క కోసం అనుకుందాం. నెలలో 20 రాత్రులు, ఒక్కో రాత్రికి ఒక్కో అతిథి చొప్పున ఇస్తే 50,000 వస్తుంది, 10,000 ఖర్చవుతుంది, చేతిలో 40,000 మిగులుతుంది. అదే 20 రాత్రులను రెండేసి రాత్రులు ఉండే పదిమందికి ఇచ్చి, రెండో రాత్రికి 2,000 మాత్రమే తీసుకుంటే 45,000 వస్తుంది, 5,000 ఖర్చవుతుంది, మళ్లీ 40,000 మిగులుతుంది. డబ్బు ఒకటే; కానీ గది మార్చే పని ఇరవై సార్ల నుంచి పది సార్లకు తగ్గింది, దుప్పట్ల అరుగుదల సగమైంది, మీ దగ్గర పనిచేసే ఆవిడకు నెలలో కొన్ని మధ్యాహ్నాలు ఖాళీ దొరికాయి. మీ ఖర్చు 500 కాక 700 అయితే రెండో రాత్రి తగ్గింపు వల్ల లాభమే వస్తుంది. అందువల్ల ధర తగ్గించదలచుకుంటే మొదటి రాత్రికి తగ్గించకండి, రెండో రాత్రికి తగ్గించండి. అరకును ఒక్క రాత్రిలో చూసి వెళ్లిపోవాలన్న తొందర మన పర్యాటకుల్లో ఎక్కువ. బొర్రా గుహలు ఒక రోజు, లంబసింగి మంచు మరొక రోజు అని చెప్పగలిగిన యజమానికి రెండో రాత్రి అమ్ముడవుతుంది.

ఇక దుప్పట్ల సంగతి. ఒక్కో మంచానికి మూడు జతలు ఉండాలన్నది ఈ వృత్తిలో అందరూ చెప్పే లెక్క: ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. విశాఖలో ఇది సరిపోతుంది. అరకులో, చింతపల్లిలో నవంబరు నుంచి జనవరి వరకు సరిపోదు. ఎందుకంటే వలిసె పూలు చూడటానికి జనం విరగబడే ఆ నెలల్లోనే పొద్దెక్కే వరకు మంచు వదలదు, సాయంత్రం నాలుగైదింటికే మళ్లీ తేమ దిగుతుంది, మందపాటి తువ్వాలు రెండు రోజులకు గానీ ఆరదు. సగం ఆరిన తువ్వాలును మడత పెట్టి బీరువాలో పెడితే వచ్చే ముక్కిన వాసన ఏ సెంటుతోనూ పోదు. కనుక కొండల మీద నాలుగో జత కొనండి, మందపాటి తువ్వాళ్లకు బదులు పలుచని నేత తువ్వాళ్లు ఇవ్వండి, ఆరవేయడానికి పైకప్పు ఉండి గాలి ఆడే ఒక వరండాను ఆ మూడు నెలలూ దీనికే కేటాయించండి.

దుప్పట్లు తెల్లవే కొనండి. మరక కనిపిస్తుందని చాలామంది ముదురు రంగులు కొంటారు; మరక మీకు కనిపించడమే తెలుపులోని ప్రయోజనం. మన అతిథులు గదిలోనే భోంచేస్తారు, వద్దని బోర్డు పెట్టినా మంచం మీదే పులిహోర పొట్లం విప్పుతారు. పసుపు మరక మీద సబ్బు పడగానే ఎర్రగా మారుతుంది. అది చూసి బ్లీచింగ్ పొడి తెచ్చి బట్ట పాడుచేసుకోనక్కరలేదు. మామూలుగా ఉతికి, తడిగా ఉన్నప్పుడే ఎండలో పరిస్తే పసుపు ఎండకు దానంతటదే వెలిసిపోతుంది. కొబ్బరినూనె మరక అలా పోదు. దిండు గలీబు కింద, దిండుకు పట్టేలా జిప్పు ఉన్న మరొక తొడుగు వేసి ఉంచితే నూనె దిండు దాకా దిగదు. ఇక రగ్గు. అతిథి మారినప్పుడల్లా రగ్గు ఉతకడం ఎవరికీ సాధ్యం కాదు, ఆ సంగతి అతిథికీ తెలుసు. అందుకే రగ్గు అడుగున ఒక దుప్పటి పరిచి, దాని తల వైపు అంచును రగ్గు మీదికి జానెడు మడిచి పెట్టండి. అతిథి ఒంటికి తగిలేదీ, కంటికి మొదట కనిపించేదీ ఉతికిన బట్టే అవుతుంది.

శుభ్రం చేయడంలో వరుస తప్పితే గంట పని రెండు గంటలు పడుతుంది. తలుపులూ కిటికీలూ బార్లా తెరవడం, పక్క బట్టలు తీసి మూట కట్టడం, బాత్‌రూమ్‌లో మందు చల్లి నానబెట్టడం ముందుగా జరగాలి. అది నానే లోపల ఫ్యాను రెక్కల నుంచి మొదలుపెట్టి కిందికి దుమ్ము దులపాలి, పక్క వేయాలి, తరువాత బాత్‌రూమ్ కడిగి, చివరగా గది లోపలి మూల నుంచి గుమ్మం వైపు వెనక్కు నడుస్తూ తడిగుడ్డ పెట్టాలి. పని అయ్యాక యజమాని చేయవలసిన తనిఖీ ఒకటి ఉంది. గుమ్మంలో నిలబడి చూడకండి. మంచం మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూడండి, అతిథి ఎక్కువసేపు చూసేది దాన్నే. ఆ తరువాత, నవ్వకండి, బాత్‌రూమ్‌లో కమోడ్ మీద కూర్చుని ఎదుటి గోడనూ, తలుపు వెనక భాగాన్నీ, నీళ్లు పోయే జాలీనీ చూడండి. జాలీలో ఒక్క వెంట్రుక కనిపిస్తే చాలు, తక్కిన గదంతా అద్దంలా ఉన్నా లెక్కలోకి రాదు. మీరు ఊళ్లో లేకపోతే తాళం వేసే ముందు అయిదు ఫోటోలు పంపమని చెప్పండి: మంచం, జాలీ, గీజర్ స్విచ్, రిమోట్, వంటగది గట్టు. ఈ పని చేసే ఆవిడకు నెలజీతంతో పాటు గదికింత అని అదనంగా ఇవ్వండి. ఆమెకు జ్వరం వస్తే చేయగలిగిన రెండో మనిషికి సీజన్‌కు ముందే పని నేర్పించి ఉంచండి. డిసెంబరు చివరి వారంలో మనిషిని వెతుక్కోవడం అసాధ్యం.

ఇప్పుడు భద్రత. దీని మీద కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను. చలి ఎక్కువగా ఉందని గదిలో నిప్పుల కుంపటి పెట్టి, చల్లగాలి రాకుండా కిటికీలు మూయడం మన కొండ ప్రాంతాల్లో ఇప్పటికీ ఉంది. మూసిన గదిలో బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్న మనిషికి మెలకువ రాదు. బాత్‌రూమ్ లోపల బిగించిన గ్యాస్ గీజర్‌దీ అదే ప్రమాదం. గ్యాస్ గీజర్ ఉంటే దాన్ని బయట గోడకు మార్పించండి, ఆ పని పూర్తయ్యే వరకు ఆ గది అద్దెకు ఇవ్వకండి. కుంపటి అడిగిన అతిథికి ఇంకొక రగ్గు, వేడినీళ్ల బ్యాగు ఇవ్వండి. చలిమంట ఆరుబయటే, మీ మనిషి కాపలాలోనే, నిద్రపోయే ముందు నీళ్లు చల్లి ఆర్పేలా ఉండాలి. కరెంటు గీజర్ ఉన్న లైనుకు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించి, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ పెట్టించండి. విశాఖలో ఇల్లు ఉన్నవారు సముద్రం గురించి అతిథికి నోటితో చెప్పాలి. ఆర్కే బీచ్‌లోనైనా, యారాడలోనైనా పైకి ప్రశాంతంగా కనిపించే చోటే లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది. కాళ్లు తడుపుకోవడం వేరు, నడుము లోతుకు దిగడం వేరు. వంట విషయంలో కూడా ఒక మాట: ఇంటికి ఇచ్చే 14.2 కిలోల సిలిండర్‌ను డబ్బు తీసుకుని అతిథులకు వండి పెట్టడానికి వాడకూడదు. వ్యాపారానికి 19 కిలోల సిలిండర్ వేరే ఉంది.

చట్టానికి సంబంధించిన విషయాల్లో ఈ సభకు అన్నిటికన్నా ముఖ్యమైనది 1/70 చట్టం. అరకు, అనంతగిరి, చింతపల్లి షెడ్యూల్డ్ ప్రాంతాలు, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా ప్రకటించినవి. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించిన ఈ చట్టం ప్రకారం అక్కడి స్థిరాస్తి గిరిజనేతరుల చేతికి బదిలీ కావడం చెల్లదు. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే అనుకునేవారు ఈ సభలో కూడా ఉండవచ్చు. చట్టం చెప్పిన నిర్వచనంలో తాకట్టు, లీజు, దానం, మార్పిడి కూడా ఉన్నాయి. అంటే విశాఖ నుంచి వెళ్లి పదేళ్లకు లీజు రాయించుకుని, కోటి రూపాయలు పెట్టి కాటేజీలు కట్టిన పెద్దమనిషి చేతిలో ఉన్నది కాగితమే. గిరిజన మిత్రుడి పేరు పెట్టి వెనక ఉండి నడిపిస్తామనేవారికి ఆ మాత్రం కాగితం కూడా ఉండదు, పేరు అరువిచ్చిన మిత్రుడికి ఇబ్బంది మిగులుతుంది. సక్రమమైన దారి ఒకటి ఉంది. ఇల్లు, స్వాధీనం, ఆదాయం గిరిజన కుటుంబానివే అయి ఉండి, బయటివారు ఫోటోలు, బుకింగ్‌లు, శిక్షణ వంటి సేవలకు రుసుము తీసుకోవచ్చు. ఆ ఒప్పందాన్ని కూడా, ఆస్తి మీద ఏ హక్కూ ధ్వనించకుండా, న్యాయవాదితో రాయించుకోండి. ఇక్కడికి వచ్చిన గిరిజన కుటుంబాలకు నేను చెప్పేది ఏమిటంటే, మీ ఇంటికి గల విలువలో పెద్ద భాగం ఈ చట్టం వల్లనే మీ చేతిలో నిలిచి ఉంది. తక్కువ అడ్వాన్సుకు దాన్ని వదులుకోకండి. పెట్టుబడికి బయటివాడే దిక్కని అనుకోనక్కరలేదు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ముద్ర రుణాలు, అంటే చిన్న వ్యాపారాలకు ఇచ్చే రుణాలు, ఇస్తామని ప్రకటించారు, మీ బ్యాంకులో ఆ పేరుతోనే అడగండి. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే గుర్తింపు పథకంలో ఒకటి నుంచి ఆరు గదుల వరకు ఉండి, యజమాని కుటుంబం అదే ఇంట్లో నివసించాలన్న షరతు ఉంది. మీలో చాలామంది ఇళ్లు దానికి సరిపోతాయి.

పన్నుల సంగతి త్వరగా చెబుతాను. సేవల ద్వారా ఏడాదికి 20 లక్షల లోపు వచ్చేవారికి జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. అయితే ఆన్‌లైన్ వేదిక ద్వారా వచ్చిన బుకింగ్‌పై, నమోదు లేని యజమాని బదులు ఆ వేదికే పన్ను కడుతుంది, అతిథి చూసే ధరలో అది కలుస్తుంది. రోజుకు 7,500 రూపాయలు మించని గదికి పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం బదులు 5 శాతం అయింది. వేదికలు మీకు చెల్లించే ముందు పట్టుకునే ఆదాయపు పన్ను 2024 అక్టోబరు నుంచి 1 శాతం బదులు 0.1 శాతం, పాన్ నంబరు ఇవ్వకపోతే మాత్రం 5 శాతం పట్టుకుంటారు. పాన్ ఇవ్వకుండా కూర్చుని, డబ్బు తక్కువ వచ్చిందని తిట్టుకునేవారిని నేను తరచుగా చూస్తుంటాను.

అతిథుల పేర్లు, వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ రాసే పుస్తకం తప్పనిసరిగా ఉంచండి. గుర్తింపు కార్డు చూడండి. ఆధార్ అయితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ప్రతి తీసుకుంటే చాలు. నలుగురి ఆధార్ ఫోటోలు కేర్‌టేకర్ సొంత ఫోన్‌లో ఏళ్ల తరబడి పడి ఉండటం మంచిది కాదు. విదేశీయులు బస చేస్తే 24 గంటల్లోగా విదేశీయుల నమోదు కార్యాలయానికి ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. మనవాళ్లు పొరబడేది ఇక్కడే: అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగు కుటుంబం సంక్రాంతికి వచ్చి మీ ఫ్లాట్‌లో దిగితే, తెలుగే మాట్లాడుతున్నా, వారి చేతిలో ఉన్నది విదేశీ పాస్‌పోర్టే. పాస్‌పోర్టు చూసి నిర్ణయించండి.

ఫ్లాట్లు నడిపేవారు అపార్ట్‌మెంట్ సంఘం నిబంధనలు చదవకుండా మొదటి అతిథిని దింపకండి. అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌ను మళ్లీ రోజు అద్దెకు ఇస్తున్నవారికి అసలు యజమాని రాతపూర్వక అనుమతి ఉండాలి. లిఫ్టులో తెలియని ముఖాలు, తమ పార్కింగ్‌లో వేరేవారి కారు, రాత్రి పది దాటాక స్పీకరు. పక్కింటివారి ఫిర్యాదులు దాదాపు అన్నీ ఈ మూడింటిలోకే వస్తాయి. స్పీకర్లకు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు చట్టమే అడ్డు చెబుతోంది కనుక ఆ మాట మీ పేరున కాక చట్టం పేరున అతిథికి చెప్పండి. పెళ్లి కాని జంటలకు గది ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న ప్రతి సభలోనూ వస్తుంది. ఇద్దరు మేజర్లు ఒక గదిలో ఉండటాన్ని నేరమనే చట్టం లేదు. మీకు ఇష్టం లేకపోతే బుకింగ్ పేజీలోనే స్పష్టంగా రాయండి. డబ్బు కట్టించుకుని, రాత్రి తొమ్మిదింటికి గుమ్మంలో నిలబెట్టి, సంబంధం ఏమిటని అడగడం మాత్రం నా దృష్టిలో అమర్యాద, అన్యాయం కూడా.

కెమెరా గుమ్మం బయట ఒక్కటి చాలు. అది ఉన్నట్లు ముందే రాయండి. ఇంటి లోపల కెమెరాలను ఎయిర్‌బీఎన్‌బీ అనే బుకింగ్ వేదిక 2024 ఏప్రిల్ 30 నుంచి పూర్తిగా నిషేధించింది. పడకగదిలో, స్నానాల గదిలో స్త్రీలను రహస్యంగా చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం కూడా. మీకు తెలియకుండా మీ పనివారో, పాత అతిథో పెట్టే అవకాశం ఉంది కనుక అద్దాల వెనక, పొగ సూచికల్లో, చార్జర్లలో చూడటం కూడా తనిఖీలో భాగం చేయండి.

ఎయిర్‌బీఎన్‌బీలో అతిథీ యజమానీ సమీక్ష రాయడానికి 14 రోజులు గడువు ఉంటుంది. ఇద్దరూ రాశాక గానీ, గడువు ముగిశాక గానీ అవి బయటకు రావు. కనుక ఎదుటివారు ఏం రాశారో చూసి రాద్దామని ఆగడం వల్ల లాభం లేదు. గీజర్ పనిచేయలేదని ఎవరైనా రాస్తే, ఫలానా తేదీన కొత్త ఎలిమెంట్ వేయించామని రెండు వాక్యాల్లో జవాబు ఇవ్వండి. ఆ జవాబు చదివేది ఫిర్యాదు చేసిన మనిషి కాదు, రేపు బుక్ చేయబోయే మనిషి.

చివరగా వేసవి నెలల గురించి. మార్చి తరువాత అరకులో బుకింగ్‌లు తగ్గగానే చాలామంది ధర సగానికి దించి, గదులు ఎలాగోలా నింపుతారు. మే నెలలో కనీసం రెండు వారాలు మీ క్యాలెండర్‌ను మూసివేయమని నా సలహా. పైకప్పు పగుళ్లకు పూత, సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించడం, పరుపులు ఎండలో వేసి తిరగేయడం, కిటికీ దోమతెరలు మార్చడం, ఇవన్నీ అతిథి ఉండగా జరిగే పనులు కావు. జూన్‌లో వానలు పట్టాక పైకప్పు పూత ఆరదు, ట్యాంకు బండి బురదలో మీ వాకిలి దాకా రాదు. మేస్త్రీకి ఏప్రిల్ మొదట్లోనే అడ్వాన్సు ఇచ్చి తేదీ ఖాయం చేసుకోండి, ఎందుకంటే అరకులో మంచి మేస్త్రీలు కొద్దిమందే, వారి కోసం మీ పక్కింటి హోమ్‌స్టే యజమాని కూడా చూస్తూ ఉంటాడు. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు. శుభ్రం చేసే పనివారి ప్రశ్నలు ముందు తీసుకుందాం.